ఐసు అక్కర్లేని మందు

జీవరాజు కాంపౌండరుకు ఈ లోకంలో గర్వపడటానికి రెండే ఉన్నాయి. ఒకటి కూతురు ఆలిస్. రెండోది, అట్ట మీద తాటికాయంత అక్షరాలతో 'కొత్త సంగతులు' అని రాసుకున్న నోటుపుస్తకం. ఈ రెండోది మొదటిదాని ప్రాణం మీదికి తెస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, చేతిలోని ఔన్సు గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, "నీ మొహం, అవతలికి పో" అనేవాడు.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో డాక్టర్ కాంతమణి గారి డిస్పెన్సరీకి బొంబాయి నుంచీ లండను నుంచీ వైద్యం పత్రికలు వచ్చేవి. శనివారం సాయంత్రం రోగులు వెళ్లిపోయాక ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి చదువుతూ, మధ్యమధ్య తెలుగులో చెప్పేది. జీవరాజు రాసుకునేవాడు. మట్టిలోని బూజులోంచి క్షయకు మందు తీశారట. గబ్బిలం తన కూత గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడును బట్టి చీకట్లో దారి చూసుకుంటుందట. లివరులోంచి ఎర్రటి పలుకులు తీశారట, ఆవగింజలో వెయ్యోవంతు ఇస్తే చాలు, పాలిపోయిన మనిషికి రక్తం పడుతుందట. అణువుల కొలిమిలో అయోడినుకు కిరణాలు పట్టించి తాగిస్తే, గొంతులోని గ్రంథి ఎంత పనిచేస్తోందో బయటినుంచే కొలవచ్చునట. ఇవన్నీ రాసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో చదివి వినిపించేవాడు. ఊళ్లోని నలుగురైదుగురు కాంపౌండర్లు చుట్టూ చేరి కాపీ చేసుకునేవాళ్లు. అందరికంటే ముందు పెన్సిలు చెక్కుకుని కూచునేది లాలాగూడ లూకా. "అన్నా, మీరు రాసిందంటే మాకు అచ్చేసినట్టే" అనేవాడు. ఆ మాటకు జీవరాజు మీసం కింద నవ్వు దాచుకునేవాడు గానీ, అది దాగేది కాదు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవికల్లా ఆ పత్రికలు ఆగిపోయాయి. నిజాం సంస్థానానికీ ఇండియాకూ పేచీ ముదిరి, సరిహద్దుల్లో దారులన్నీ మూసేశారు. మందులు లేవు, కిరసనాయిలు లేదు, ఉప్పుకు కూడా వరసలో నిలబడాలి. ఆలిస్ తొలికాన్పుకు చిలకలగూడలోని పుట్టింటికి ముందే వచ్చేసింది కాబట్టి సరిపోయింది. ఆమె భర్త యెషయా గుంటూరులో బడిపంతులు. ఆయనకు ఉత్తరాలు అందుతున్నాయో లేదో ఎవరికీ తెలియదు.

సెప్టెంబరు పదో తేదీ శుక్రవారం ఆడపిల్ల పుట్టింది. పదమూడు, సోమవారం తెల్లవారుజామున ఇండియా సైన్యం నలువైపుల నుంచీ సంస్థానంలోకి దిగింది. ఆ సోమవారమే ఆలిస్‌కు చలి మొదలైంది.

బాలింత జ్వరమంటే ఏమిటో ఆ ఇంట్లో చెప్పనక్కర్లేదు. జీవరాజు తల్లి పోయింది దాంతోనే. కాంతమణి గారు రోజూ వచ్చి చూసింది. సల్ఫా బిళ్లలు ఇచ్చింది. సోమవారం నూట రెండు, మంగళవారం నూట మూడు, బుధవారం నూట నాలుగున్నర. ఆలిస్ కళ్లు తెరిచినా మనుషుల్ని పోల్చుకోవడం లేదు. జీవరాజు భార్య ప్రేమమణి పసిబిడ్డకు దూదితో మేకపాలు పిండుతూ, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. ఎక్కడో దూరాన దభేల్మని చప్పుడైతే ఆ పెదవులు ఆగిపోతాయి, మళ్లీ మొదలవుతాయి.

బుధవారం సాయంత్రం డాక్టరమ్మ తన సంచీలోంచి ఆరు చిన్న సీసాలు తీసి మంచం అంచు మీద పెట్టింది. పెనిసిలిన్. లోపల తెల్లటి పొడి.

"బొంబాయి నుంచి దారులు మూయకముందు తెప్పించినవి. నా దగ్గర ఇవే ఆఖరు. ఊళ్లో ఇంకెక్కడా దొరుకుతాయని నమ్మకం లేదు" అంది. అప్పటికే వీధిలో జట్కా నిలబడి ఉంది. బొల్లారంలో ఒకావిడకు బిడ్డ అడ్డం తిరిగిందని కబురు. "మూడు గంటలకొక ఇంజెక్షను. రాత్రీ పగలూ తప్పకూడదు. నేను రేపో ఎల్లుండో వస్తాను, దారి ఉంటే. జీవరాజు గారూ, ఇది కలిపేటప్పుడు..."

"నాకు తెలుసమ్మా" అన్నాడు జీవరాజు. "పాత పసుప్పచ్చ రకం కాదు, ఇది కొత్త తెల్ల రకం. ఐసు అక్కర్లేదు. పుస్తకంలో రాసుకున్నాం కదా!"

జట్కావాడు గట్టిగా కేకేశాడు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, "అవును, మీకు నేను చెప్పాలా" అని చరచరా వెళ్లిపోయింది.

చెప్పాలి. చెప్పనివ్వాలి. కానీ ఇరవై రెండేళ్లు కాంపౌండరుగా చేసిన మనిషికి ఎదుటివాళ్ల మాట సగంలో అందుకోవడం ఊపిరి తీసుకున్నంత అలవాటు.

ఇంకో అలవాటూ ఉంది. కాంపౌండరన్నవాడు ఏదీ ఒక్క డోసు కలపడు. పొద్దున్నే పెద్ద జాడీలో దగ్గుమందు, ఇంకో జాడీలో జ్వరంమందు కలిపేసి, సీసాల్లో పోసి, సీసా పక్కన ఒక్కో డోసుకు ఎంతో తెలిసేలా గీతలు కత్తిరించిన కాగితం అంటిస్తాడు. ఇక రోజంతా ఫికరు లేదు. చేతికి వచ్చిన పద్ధతి అది. పైగా ఇంట్లో కిరసనాయిలు అరసీసా కూడా లేదు. ఆరుసార్లు స్టౌ వెలిగించి ఆరుసార్లు నీళ్లు మరిగించడం అయ్యే పనేనా? ఒక్కసారే మరిగించాడు. చల్లార్చాడు. ఆరు సీసాల పొడీ ఒకే పెద్ద సీసాలో కలిపాడు. నీళ్లంత తేటగా కరిగిపోయింది. రబ్బరు మూత బిగించి, పక్కన గీతల కాగితం అంటించి, చేతికి అందుబాటులో ఉంటుందని పురిటిగది గూట్లో పెట్టాడు.

ఆ గూటికి సరిగ్గా కింద కుంపటి. బాలింతకు చలిగాలి సోకకూడదని ప్రేమమణి పొద్దున్నా సాయంత్రం బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేస్తుంది. ఏ ఇంట్లోనైనా అంతే. అందులో తప్పు పట్టడానికేముంది?

గురువారం మధ్యాహ్నానికి జ్వరం నూటికి దిగింది. ఆలిస్ కళ్లు తెరిచి, "నాన్నా, పాపేదీ?" అంది. ప్రేమమణి గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. జీవరాజు బయటికి వచ్చి, ఎవరూ లేని వీధిని చూస్తూ, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అని రెండుసార్లు పైకే అన్నాడు. తర్వాత ఆయన మనసులో మెదిలింది ఏమిటో తెలుసా? వచ్చే ఆదివారం చర్చిలో ఈ సంగతి ఎలా చెప్పాలా అని!

గురువారం చీకటిపడేసరికి నూట రెండు. జీవరాజు థర్మామీటరు దులిపి మళ్లీ పెట్టాడు. నూట రెండే. శుక్రవారం తెల్లవారేసరికి నూట నాలుగు. ఆలిస్ మళ్లీ మాట్లాడటం మానేసింది. దుప్పటి అంచును వేళ్లతో పీకుతోంది. అలా పీకే రోగుల్ని జీవరాజు చాలామందిని చూశాడు. వాళ్లలో ఎంతమంది లేచి ఇంటికి వెళ్లారో లెక్కపెట్టుకోవడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.

మందు అదే. చెయ్యి అదే. నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు పనిచేయదు? అలమర తెరిచి పుస్తకం తీశాడు. పెనిసిలిన్ పేజీ దొరికింది. తన గుండ్రటి అక్షరాలే. 'తెల్ల రకం వచ్చింది. ఈ పొడికి ఐసు అక్కర్లేదు. అలమరలో పెట్టినా ఏళ్ల తరబడి చెడదు.' ఆ తర్వాత చుక్క.

ఈ పొడికి. ఆయన వేలు ఆ మాట మీద ఆగిపోయింది.

పొడికి సరే. నీళ్లు కలిపాక?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ శనివారం డాక్టరమ్మ ఇంకా చెబుతోంది. ఇంతలో ఎవరో కత్తితో చెయ్యి తెగిన మనిషిని తీసుకొచ్చారు. ఆవిడ పత్రిక బోర్లించి లేచింది. "మిగతాది తర్వాత రాసుకోండి" అని కూడా అంది. మర్నాడు చర్చిలో చదవాలి. సగం వాక్యం చదివితే బాగోదని, తనే ఒక చుక్క పెట్టేశాడు.

గబగబా పురిటిగదిలోకి వెళ్లి గూట్లోని సీసా ముట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది.

"ఏమైందండీ?" అంది ప్రేమమణి.

"ఏం లేదు. గూట్లో చీమలు" అన్నాడు. అబద్ధం నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. సీసాను వంటింట్లోకి పట్టుకెళ్లి కుండనీళ్లలో నిలబెట్టి, కండువా భుజాన వేసుకుని బయటపడ్డాడు.

పద్మారావు నగర్ పావుగంట నడక. ఆ రోజు ఆ దారి తెగలేదు. తలుపులన్నీ బిడాయించి ఉన్నాయి. ఒక ఇంటి కిటికీలోంచి ఎవరో, "ఓ పెద్దాయనా, గిప్పుడెక్కడికి పోతున్నవ్? లోపలికి రా!" అని పిలిచారు. చెయ్యి ఊపి సాగిపోయాడు. డిస్పెన్సరీ తాళంచెవి తన మొలకే ఉంది. పత్రికల దొంతర్లు లాగి, నేల మీద కూచుని, వేలు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. దొరికింది. తను రాసుకున్నంత వరకూ సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఇలా ఉంది: నీళ్లు కలిపాక మాత్రం ఐసులో ఉంచాలి, అలా ఉంచితే వారం దాకా పరవాలేదు, ఎండాకాలపు వేడిలో రోజు గడిస్తే బలం తగ్గిపోతుంది, కాబట్టి ఎప్పటికి కావలసింది అప్పుడే కలుపుకోవాలి.

సీసా కుంపటి పైన దాదాపు నలభై గంటలుంది. అందులో ఇంకా మూడింట రెండు వంతుల మందు మిగిలి ఉంది. దాన్లో ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే యంత్రం సికింద్రాబాదులో లేదు. రంగు మారదు, వాసన రాదు. బతికిన మందూ చచ్చిన మందూ కంటికి ఒకటే.

ఆయన తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నా చేతుల్తో నేనే నా పిల్లని... ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. 'వందమందిని చంపితేగాని వైద్యుడు కాడు' అని ఊళ్లో వెటకారంగా అంటారు. ఆ వందలో తన పిల్ల కూడా ఉంటుందని ఏ వైద్యుడనుకుంటాడు?

ఇప్పుడు చెయ్యగలిగినవి రెండు. ఉన్నది ఇంకా చావకుండా చల్లగా పెట్టాలి. డోసు రెండింతలు చెయ్యాలి. రెండోది సులువు. మొదటిదానికి ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ సోమవారం నుంచీ మూతబడింది. కుండనీళ్లు ఆ ఉక్కలో ఏపాటి చల్లన?

లేచి నిలబడి అలవాటుగా చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే మందుల బల్ల మీద దగ్గుమందు జాడీ కనిపించింది. దాని పక్కన ఆ మందులో వేసే నవాసారం ఉప్పు డబ్బా. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే నవాసారం పలుకులు గ్లాసులో వేసి నీళ్లు పోస్తాడు. పోయగానే గ్లాసు చేతిలో జివ్వుమని చల్లబడుతుంది. చలికాలమైతే వేళ్లు కొంకర్లు పోతాయని తిట్టుకునేవాడు. ఈ సంగతి ఏ పత్రికలోనూ చదవలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. చేతికి తెలుసు, అంతే. డబ్బా తెరిచి చూశాడు. అడుగున రెండు చెంచాలు.

నవాసారం ఎవరి దగ్గరుంటుంది? కంసాలి దగ్గర. కంసాలి దగ్గర సురేకారం కూడా ఉంటుంది. ఆ రెండూ కలిపి నీళ్లలో వేస్తే చేతిలో పట్టుకోలేమని పాట్ మార్కెట్ బ్రహ్మచారి ఒకసారి దగ్గుమందు కోసం వచ్చినప్పుడు చెప్పాడు.

బ్రహ్మచారి దుకాణం మూసి ఉంది. వెనక సందులోంచి ఇంటి తలుపు తట్టాడు. చాలాసేపటికి లోపలినుంచి, "ఎవల్రా?" అని వినిపించింది.

"నేను, డాక్టరమ్మ దగ్గరి జీవరాజును."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. బ్రహ్మచారి మొహం నాలుగు రోజుల గడ్డంతో, నిద్రలేని కళ్లతో ఉంది. జీవరాజు వచ్చిన పని చెప్పాడు. ఆయన చటుక్కున జీవరాజును లోపలికి లాగి గడియ పెట్టాడు.

"ఏందీ, సురేకారమా? గీ దినాల్ల గది అడిగెటోడు ఉంటడా? నీకేమన్న పిచ్చి లేసిందా? తుపాకి మందు చేసేది దాంతోనే గదా! తొవ్వల పట్టుకుంటే నిన్నూ, ఇచ్చినందుకు నన్ను సుత గోడకు నిలబెడ్తరు. నేనైతే భయానికి బొగ్గుల కింద పాతిపెట్టిన."

"మా ఆలిస్..." అన్నాడు జీవరాజు. జరిగిందంతా చెప్పాడు. ఎవరికీ చెప్పని తప్పు, భార్యకైనా చెప్పని తప్పు, ఆ కంసాలి ముందు చెప్పేశాడు. తాను చుక్క పెట్టిన సంగతి కూడా.

బ్రహ్మచారి లోపలికి వెళ్లి బొగ్గుల గుట్ట తవ్వి ఒక గుడ్డమూట తెచ్చాడు. ఇంకో మూటలో నవాసారం. "ఆలిస్ అంటే, మొన్న ఈస్టరుకు గాజులు సరిచేయించుకపోయిన పిల్లేనా?" అన్నాడు.

"అదే."

"పో. జెర పైలంగ పో. నా పేరు మాత్రం చెప్పకు. పిల్లలున్నోన్ని."

బోయిగూడ మలుపు దగ్గర నలుగురు రజాకార్లు అడ్డం నిలబడ్డారు. వాళ్లూ మూడు నాలుగు రోజులుగా నిద్రలేని మనుషులే. వాళ్లలో నెరిసిన గడ్డం ఆయన తుపాకీ గొట్టంతో మూటను పొడిచి, "క్యా హై ఇస్మే?" అన్నాడు.

"దవా హై సాబ్. బేటీకో బుఖార్ హై" అన్నాడు జీవరాజు.

మూట విప్పారు. తెల్లటి పలుకులు. ఒకడు చిటికెడు తీసి నాలిక్కి రాసుకుని ఉమ్మేశాడు. "షోరా! బారూద్ బనానేకా షోరా!" అని, సురేకారాన్ని పోల్చుకుని అరిచాడు. ఇంకొకడు జీవరాజు కండువాను మెడ చుట్టూ బిగించి పట్టుకున్నాడు. మందే అయితే తినమన్నాడు నెరిసిన గడ్డం ఆయన. జీవరాజు రెండు మూటల్లోంచీ చిటికెడు చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. ఉప్పగా, చల్లగా, వికారంగా గొంతులోకి దిగింది. దగ్గాడు. అయినా వాళ్ల మొహాలు మారలేదు.

ఇక ఆయనకు తోచింది ఒక్కటే. వాళ్ల దగ్గరున్న రేకు లోటా చూపించి చేతులు జోడించాడు. లోటాలో సగం నీళ్లుండగా, రెండు మూటల్లోంచీ గుప్పెడు గుప్పెడు వేసి వేలితో కలిపి, నెరిసిన గడ్డం ఆయనకు అందించాడు. ఆయన అనుమానంగా పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి ఉలిక్కిపడింది. రెండో చెయ్యి కూడా వేశాడు. లోటా బయటివైపు చెమట పోసింది.

"యే తో బరఫ్ హై" అన్నాడు మెల్లిగా.

"బరఫ్ కే వాస్తే హీ సాబ్. దవా ఠండీ రఖ్నీ హై. బేటీ మర్ జాయెగీ."

ఆయన ఆ లోటాను ఎర్రబడ్డ తన కళ్ల మీద కాసేపు ఆనించుకున్నాడు. తర్వాత తల అవతలికి తిప్పి, "జావ్" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్ద కుండలో నీళ్లు పోసి, రెండు మూటల్లోవీ సగం సగం వేసి కలిపి, మందుసీసాను ఇత్తడి చెంబులో పెట్టి ఆ చెంబును కుండలో దించాడు. పైన తడి గోనెపట్టా కప్పాడు. చెయ్యి పెట్టి చూస్తే ఎముకల దాకా చల్లగా తగిలింది. సిరంజి స్పిరిటుతో కడిగి మందు తీస్తుంటే ప్రేమమణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, రెండింతలు తీస్తున్నారేం?"

ఆయన తిరిగి చూడలేదు. "ప్రేమా, మందు పాడు చేశాను. నీళ్లు కలిపాక చల్లగా ఉండాలట. నేను అన్నీ ఒకేసారి కలిపేసి గూట్లో పెట్టాను."

ప్రేమమణి పురిటిగది వైపు చూసింది. "గూటి కింద కుంపటి పెట్టింది నేనే కదండీ" అంది.

"కుంపటిది కాదు తప్పు. డాక్టరమ్మ చెప్పబోతుంటే చెప్పనివ్వని నోరు నాది."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చీరచెంగుతో కుంపటి పట్టుకుని పెరట్లోకి మోసుకెళ్లి, బొగ్గుల మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది. తిరిగొచ్చి, "అందులో ఇంకా ఎంత బతికుంది?" అంది.

"తెలియదు."

"సరే, చెయ్యండి" అంది. ఆలిస్ చెయ్యి తనే పట్టుకుంది.

సాయంత్రం ఎదురింటి రేడియోలో నిజాం యుద్ధం ఆపేసినట్టు చెప్పారు. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. జీవరాజు కుండలోని నీళ్లు వేడెక్కుతున్నాయేమోనని చెయ్యి పెట్టి చూసుకుంటూ కూచున్నాడు. చల్లదనం తగ్గగానే మిగిలిన పలుకులతో కొత్తనీళ్లు కలిపాడు. మూడు గంటలకొకసారి సూది. మధ్యలో థర్మామీటరు. నూట నాలుగు. నూట నాలుగు. నూట మూడున్నర. ఆ అరడిగ్రీని నమ్మడానికి ఆయనకు ధైర్యం రాలేదు. శనివారం పొద్దున నూట ఒకటి. పది గంటలకు ఆలిస్‌కు చెమటలు పట్టాయి. దుప్పటి తడిసిపోయింది. "అమ్మా, కుంపటి ఆరిపోయిందే?" అంది.

"ఆరిపోతే ఆరిపోయిందిలే" అంది ప్రేమమణి, బిడ్డను ఆమె పక్కలో పడుకోబెడుతూ.

మధ్యాహ్నం సైన్యం లారీలు సికింద్రాబాదులోకి వచ్చాయి. జనం దండలు పట్టుకుని పరుగెత్తారు. ఆ జనంలోంచే తోసుకుంటూ కాంతమణి గారు వచ్చింది. సైన్యం డాక్టరును బతిమాలి తెచ్చిన కొత్త పెనిసిలిన్ సీసాలు రెండు ఆమె చేతిలో ఉన్నాయి. ఆలిస్ నాడి చూసింది, పొట్ట చూసింది. "గండం గడిచినట్టే. ఇంకో మూడు రోజులు మానకూడదు" అంది. చెంబులోని సీసా చూసి ఆగిపోయింది.

జీవరాజు ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాడు. "నేనూ ఆగి చెప్పాల్సింది" అంది డాక్టరమ్మ. "పుస్తకం తెండి, ఆ మిగతా ముక్క రాసేద్దాం."

ఆయన పుస్తకం తెచ్చాడు. ఆవిడ ఆ పేజీ చదివింది. చదివి తలెత్తింది.

"జీవరాజు గారూ, ఈ పేజీ ఎవరెవరు కాపీ చేసుకున్నారు?"

అంతవరకూ ఆయనకు తట్టనే లేదు. తన పిల్ల, తన తప్పు, తన కుంపటి. మూడు రోజులుగా ఇంతే లోకం. కండువా కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

వీధుల్లో పండగ. ఎవరో ఆయన నుదుట కుంకుమ దిద్దబోయారు, ఎవరో నోట్లో బెల్లంముక్క పెట్టారు. నిన్నటి సురేకారం రుచి ఇంకా నాలుక మీదే ఉంది. జనానికి ఎదురు నడుస్తూ లాలాగూడ చేరాడు. లూకా డిస్పెన్సరీ తెరిచే ఉంది. లూకా ఒక్కడే బల్ల తుడుస్తున్నాడు.

"అన్నా! ఆలిస్‌కి ఎలా ఉంది?"

"బతికింది" అన్నాడు జీవరాజు. "లూకా, నీ దగ్గర పెనిసిలిన్ ఏమైనా ఉందా?"

"రెండు సీసాలుండేవి అన్నా. ఒక రైలు గార్డు ఎప్పుడో బొంబాయి నుంచి తెచ్చిచ్చాడు. రైలింజన్ల షెడ్డులో బొగ్గు మోసే బిక్షం లేడూ, ఆయన కాలు ఇంజను చక్రం కింద నలిగింది. మంగళవారం మొదలుపెట్టాను. మీరు రాసినట్టే చేశాను, రెండూ ఒకేసారి కలిపి పెట్టుకున్నాను. ఐసు కోసం కూడా తిరగలేదు." లూకా గుడ్డ పిండి పక్కన పెట్టాడు. "మొదటి రోజు బాగానే తేరుకున్నాడన్నా. గురువారం రాత్రి పోయాడు. ఇందాకే ఆయన భార్య వచ్చి, ఆఖరుదాకా చూసుకున్నవు బిడ్డా అని నా చేతులు పట్టుకుని పోయింది. మందు పెట్టినా నిలవలేదు. దేవుని చిత్తం."

కిటికీలోంచి ఎండ పడుతోంది. కిటికీ గట్టు మీద ఖాళీ సీసా, పక్కన అందంగా అంటించిన డోసుల గీతల కాగితం. అది మందు తప్పో, నలిగిన కాలు తప్పో ఇప్పుడెవరు తేల్చగలరు? జీవరాజు స్టూలు లాక్కుని కూచున్నాడు.

"దేవుణ్ని మధ్యలోకి లాగకు లూకా. నీ పుస్తకం తియ్యి."

లూకా మొహం విప్పారింది. గబగబా పుస్తకం తెచ్చి, పెన్సిలు చెక్కుకున్నాడు. "కొత్త సంగతా అన్నా?"

"కాదు. పాతదే. పెనిసిలిన్ పేజీ. అక్కడ చివర ఉన్న చుక్క కొట్టెయ్. అది నేను పెట్టింది. దాని తర్వాత రాసుకో."

జీవరాజు చెప్పాడు. లూకా ఎప్పట్లాగే తలొంచి శ్రద్ధగా రాసుకుంటూ పోయాడు. 'నీళ్లు కలిపాక మాత్రం' అన్నచోట పెన్సిలు ఆగింది. లూకా తలెత్తి, మొదట కిటికీ గట్టు మీది సీసాను చూశాడు, తర్వాత జీవరాజును చూశాడు.